మూడేసి తోళ్ళు

పియూరె అనే సముద్రజీవిలో మనిషి తినేది పిడికెడు కండ. మిగతాదంతా తోలే. బండను కరుచుకుని గుట్టలు గుట్టలుగా పెరుగుతుంది. పైన మందపాటి నల్లతోలు, లోపల ఎర్రటి ముద్ద. కాలు వేస్తే చివ్వున నీళ్ళు చిమ్ముతుంది. పాటు బాగా తీసి సముద్రం వెనక్కెళ్ళిన రోజున బండల మీదికి వెళ్ళి, ఇనుప కొక్కెంతో పెరికి, కత్తితో అడ్డంగా కోసి, కండ తీసి డబ్బాలో వేసుకుంటాం. తోళ్ళు ఎండబెట్టి పొయ్యిలో పెడతాం. మా తీరంలో చెట్టన్నది లేదు. వాన నేను పుట్టి బుద్ధెరిగాక నాలుగుసార్లు చూశానేమో. అందుకని మా గరూమా పల్లెలో ముప్పై ఒక్క పొయ్యిలూ ఆ తోళ్ళతోనే మండేవి. చిటపటలాడుతూ, ఇల్లంతా సముద్రం కంపు కొడుతూ మండేవి. ఎన్నాళ్ళు ఎండినా ఆ కంపు పోదు.

కోసిన తోలు చిన్న గిన్నెలా ఉంటుంది. ఒకదాంట్లో ఒకటి మూడేసి దూర్చి బోర్లిస్తాం. విడిగా పెడితే గాలికి ఎగిరిపోతాయి, పొయ్యిలో పెట్టిన మరుక్షణం భగ్గున మండి చల్లారిపోతాయి. మూడు కలిస్తే నిదానంగా మండుతాయి. ఎవరు నేర్పారో తెలియదు. నానమ్మ అలా చేసింది, నాన్న అలా చేశాడు, నా చేతులు నన్నడగకుండానే అలా చేస్తాయి. ఈ మూడు సంగతి ముందే చెప్పి పెడుతున్నాను, గుర్తుంచుకోండి.

ఆ వేసవికి ముందు ఒక కంపెనీ మా బండల మీద రాగి మోసే ఓడల కోసం జెట్టీ కడతామని పటం గీసింది. పల్లెను ఖాళీ చేయించాలా వద్దా అన్నది ఒక కమిటీ తేల్చాలి. కమిటీ అడిగింది ఒకటే. ఈ పియూరె ఇక్కడిదా, బయటి నుంచి వచ్చిందా? ఇక్కడిదైతే, దాన్ని తిని బతికిన మా వాళ్ళు పాతకాలం నుంచీ ఇక్కడే ఉన్నారని రుజువైతే, తీరం మాకు వదిలేస్తారు. ఓడల అడుగున అంటుకుని వచ్చిన పరాయి జీవి అయితే అక్కడ కాపాడాల్సిందేమీ లేదు. దాని వెనకాల మేమూ ఎక్కడి నుంచో వచ్చి చేరినవాళ్ళమే.

మేం చాంగోలం, ఈ తీరంలో చేపలు పట్టి బతికిన పాత తెగవాళ్ళం. నా చిన్నప్పుడు ఆంతోఫగాస్తా పట్నం బడిలో అది తిట్టు. ఆడపిల్లనై ఉండి, ఆ మాట అన్నందుకు ఒకడి పన్ను రాలగొట్టాను కూడా. ఇప్పుడు అదే మాటకు ప్రభుత్వం ముద్రవేసి కాగితం ఇస్తోంది. మా నాన్న ఎవరిస్తో ఆ కాగితం కోసం మూడుసార్లు పట్నం తిరిగాడు. మూడుసార్లూ "మీ పూర్వీకులు ఇక్కడి వాళ్ళేనని ఏదైనా ఆధారం ఉందా తాతా" అని అడిగి పంపేశారు.

మాకు వేసవి జనవరిలో. ఆ నెల మొదటివారంలో ఒలాయా వచ్చింది. కమిటీ పంపిన విశ్వవిద్యాలయం మనిషి, పాతకాలపు మట్టి తవ్వి చూడటం ఆమె పని. ముప్పై అయిదేళ్ళుంటాయి, నాకంటే రెండేళ్ళు పెద్ద. బూట్లు కొత్తవి. మొదటిరోజే నాన్న ఆమెను పియూరెలు దట్టంగా ఉన్నచోట కావాలనే నడిపించాడు. నాలుగడుగులు వేసేసరికి మొహం నిండా ఉప్పునీళ్ళు.

"పలకరిస్తోంది డాక్టరమ్మా," అన్నాడు నాన్న. "కొత్త వాళ్ళొస్తే అలాగే పలకరిస్తుంది."

"మిమ్మల్ని పలకరించదా?" అంది ఆమె మొహం తుడుచుకుంటూ.

"డెబ్బై ఏళ్ళుగా ఇదే మొహం. దానికీ విసుగు పుట్టుంటుంది."

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు అప్పుడే నచ్చింది. నచ్చకుండా ఉంటే తర్వాత నా పని తేలికయ్యేది.

మా ఇంట్లోనే ముందుగది ఇచ్చాం. అమ్మ పోయాక ఇంటికి పెద్దదిక్కు మా మేనత్త సునీల్డా. తినే మనిషి కనబడితే చాలు అత్తకు పండగ. ఉల్లిపాయ, కొత్తిమీర తరిగి, నిమ్మకాయ పిండి, పచ్చి పియూరె ముద్దలు గిన్నె నిండా పెట్టింది. ఒలాయా మొదటి ముద్దకు కళ్ళు మూసుకుంది, రెండోదానికి తెరిచింది, మూడోది అడిగి పెట్టించుకుంది.

"ఇది ఎక్కడిదో తేల్చడానికి అంత చదువెందుకమ్మా?" అన్నాడు నాన్న. "నన్నడుగు. మాది."

"మీదే, కాదన్నదెవరు? కానీ ఆస్ట్రేలియాలోనూ ఇదే ఉంది. అచ్చం ఇదే. మధ్యలో అంత మహాసముద్రం, ఎక్కడా లేదు. పోనీ ఇటు చూస్తే, మన అఖాతం దాటితే ఉత్తరాన లేదు, దక్షిణాన లేదు."

"లేకపోతే?"

"నూరేళ్ళ కిందట, ఇక్కడ సురేకారం తవ్వి అమ్మే రోజుల్లో ఆస్ట్రేలియా నుంచి బొగ్గు ఓడలు వచ్చేవి కదా. వాటి అడుగున అంటుకుని వచ్చిందని కొందరంటారు. కాదు, ఎప్పటినుంచో ఇక్కడే ఉందని కొందరంటారు. రెంటినీ పక్కపక్కన పెట్టి పరీక్షలు చేశారు. దగ్గర చుట్టాలని తేలింది. ఎవరు ఎవరింటికి ఎప్పుడెళ్ళారో మాత్రం తేలలేదు."

"చుట్టాలు ఎప్పుడొచ్చారో ఎవడికి కావాలి? ఎప్పుడు పోతారో చెప్పమను," అంది అత్త.

నేనూ ఒలాయా నవ్వాం. నాన్న నవ్వలేదు. పళ్ళెం పక్కకు జరిపాడు.

"అది పరాయిదైతే మరి నేనేంటి?" అన్నాడు. "నా ఒంట్లో కండంతా దానిదే."

అత్త ఆయన పళ్ళెం మళ్ళీ ముందుకు జరిపింది.

పల్లె వెనకాల కొండ మొదట్లో పెంకుల దిబ్బ ఉంది. మా ముత్తాతల ముత్తాతలు తిని పారేసిన గుల్లలు, చేప ఎముకలు, బూడిద, పొర మీద పొర. వాన లేని నేల గనక ఏదీ కుళ్ళదు. వెయ్యేళ్ళ నాటి చేపముల్లు నిన్న నోట్లోంచి ఉమ్మినట్టే ఉంటుంది. ఓడలు రాకముందటి పొరల్లో పియూరె తోలు కనబడితే అది ఇక్కడిదే అని తేలిపోతుంది. ఆ తోలు కోసమే ఒలాయా వచ్చింది.

మూడు వారాలు మొదటి గుంట తవ్వింది. పల్లెంతా వంతులవారీగా వచ్చి జల్లెడ పట్టింది. రోజూ ఏదో ఒకటి దొరికేది. కొండమీది జెముడు ముల్లుతో చేసిన గాలం, సీల్ జంతువు ఎముక, పిల్లల చేతికి సరిపోయే గుల్లపూసలు. నాన్న ప్రతిదాన్నీ అరచేతిలో పెట్టుకుని ఎంతోసేపు చూసేవాడు. ఆ గాలం ఎలా కట్టారో ఒలాయాకు చూపించాడు. పియూరె తోలు మాత్రం ఒక్కటంటే ఒక్కటి రాలేదు.

జనవరి చివరి శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర ఒలాయా రొట్టె తుంచుతూ కూర్చుంది గానీ తినడం లేదు.

"మొదటి గుంట అడుగు దాకా వెళ్ళిపోయాం. లేదు," అంది. "రెండోది మోకాలి లోతుకొచ్చింది. సోమవారం మళ్ళీ మొదలుపెడదాం. ఈ రెండ్రోజులు నేను పట్నం వెళ్ళాలి, మా అమ్మకి ఒంట్లో బాలేదు."

"రెండో దాంట్లోనూ దొరక్కపోతే?" అన్నాడు నాన్న.

"దొరకలేదని రాస్తాను ఎవరిస్తో గారూ."

"అంటే పరాయిదని."

"దొరకలేదనడం వేరు, పరాయిదనడం వేరు."

"ఆ తేడా కమిటీకి తెలుసా?"

ఒలాయా రొట్టెముక్కల్ని వేలితో ఒకచోటికి పోగుచేసింది. "తెలియదు," అంది చివరికి.

"ఒక్క తోలు దొరికితే చాలా?"

"ఒక్కటున్నా చాలు. అయితే చిరుగుల్లేకుండా, చక్కగా, ఓ నాలుగైదు దొరికాయనుకోండి, ఇంక ఎవరూ నోరెత్తలేరు."

ఆమె మామూలుగానే అంది. ఎవరైనా అలాగే అంటారు. నాన్న తల ఊపి, టీలో చక్కెర కలుపుకున్నాడు. మామూలుగా రెండు చెంచాలు వేసుకునే మనిషి ఆ పూట నాలుగో ఐదో వేశాడు. అత్త "పాకం పడతావా ఏంటన్నయ్యా" అన్నా వినబడనట్టు కలుపుతూనే ఉన్నాడు.

ఆదివారం పొద్దున దట్టంగా పొగమంచు పట్టింది. అమావాస్య దాటిన మర్నాడు. పాటు ఎంత తీసిందంటే ఏడాదికోసారి బయటపడే బండలు కూడా బయటపడ్డాయి. అలాంటి రోజున నాన్న ఇంట్లో ఉండిపోవడం నేనెన్నడూ ఎరగను. నడుం పట్టేసిందన్నాడు. నేనూ అత్తా వెళ్ళాం.

పదిగంటలకు డబ్బాలు మోసుకుని తిరిగొచ్చేసరికి నాన్న పెరట్లో చేతులు కడుక్కుంటున్నాడు. నీళ్ళు మాకు ట్యాంకరు మీద వస్తాయి, చెంబుతో చూసి చూసి వాడుకుంటాం. నాన్న మోచేతుల దాకా కడిగి, మళ్ళీ కడుగుతున్నాడు.

"నడుం నొప్పికి చేతులు కడుక్కుంటారా?" అన్నాను.

"కడుక్కుంటే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు.

పొయ్యి పక్కన నాలుగైదు తోళ్ళు పడున్నాయి. చిరిగి, చిల్లులు పడి, విడివిడిగా. ఈయన చేతులకేమొచ్చింది, కలిపి పెట్టలేడా అని గొణుక్కుంటూ అన్నీ ఒకేసారి పొయ్యిలో తోశాను. ఎండుటాకుల్లా అంటుకున్నాయి. గుమ్మంలో నిల్చుని నాన్న చూస్తున్నాడు. ముందురోజు సూప్ ఆ మంట మీదే వెచ్చబెట్టాను. ఆ పూట ముగ్గురం బాగా తిన్నాం. నాన్న రెండోసారి కూడా పోయించుకున్నాడు.

"అమ్మ గుడిసెలో గాలి ఒకటే ఈలేస్తోంది," అంది అత్త తింటూ. "నిన్నటిదాకా లేదు."

నానమ్మ గుడిసె మా ఇంటి పక్కనే, ఆవిడ పోయాక ఎవరం ఉండటం లేదు. చెక్కల సందుల్లోంచి గాలి రాకుండా ఆవిడ కాలంలోనే పియూరె తోళ్ళు కుక్కి పెట్టింది.

"పాతబడింది," అన్నాడు నాన్న. "ఈలేయక పాడుతుందా?"

బుధవారం మధ్యాహ్నం ఒలాయా గుంటలోంచి నా పేరు పెట్టి పిలిచింది. గట్టిగా అరవలేదు. అందుకే పరిగెత్తాను.

గుంట నడుం లోతుంది. అడుగున మోకాళ్ళ మీద కూర్చుని కుంచెతో మట్టి దులుపుతోంది. ఆమె ముందు నల్లటి తోళ్ళు. చిరుగుల్లేవు. చక్కగా ఉన్నాయి. ఒకదాంట్లో ఒకటి మూడు, వాటి పక్కన ఇంకో మూడు, ఇంకో మూడు, బోర్లించి.

"చూడు," అంది. కళ్ళనిండా నీళ్ళు. "నోల్ఫా, మూడేసి. మీరు పెరట్లో పెడతారే, అచ్చం అలాగే. ఇది ఓడలు రావడానికి ఎన్నో వందల ఏళ్ళ ముందటి పొర. తోలు దొరకడం ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. అదే చెయ్యి. అప్పటినుంచి ఇప్పటిదాకా అదే చెయ్యి."

నేను తలెత్తి చూశాను. గుంట గట్టు మీద నాన్న టోపీ చేత్తో పట్టుకుని సముద్రం వైపు చూస్తున్నాడు. ఆయన వేళ్ళు టోపీ అంచును మడుస్తున్నాయి, విప్పుతున్నాయి, మడుస్తున్నాయి. ఆదివారం నాటి నీళ్ళ చెంబు, నానమ్మ గోడలో గాలి, అన్నీ ఒక్కసారే నాకు అర్థమయ్యాయి. గోడలోంచి ఒక్కొక్కటిగా పీక్కొచ్చి ఉంటాడు. ఇక్కడ పాతేటప్పుడు మనసంతా ఎవరైనా చూస్తారేమోనని దారి మీద ఉండుంటుంది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

"మట్టి ఇక్కడ కొంచెం వదులుగా ఉంది," అంది ఒలాయా తనలో తాను. "ఎలుకలు తిరిగాయేమో." మళ్ళీ నా వైపు తిరిగింది. "మీ నానమ్మ కూడా ఇలాగే చేసేది కదూ?"

"ఆ," అన్నాను. "ఇలాగే చేసేది."

అదొక్క మాటే నేనన్నది. అబద్ధం కూడా కాదు.

మర్నాడు బండల మీద నాన్నా నేనూ పక్కపక్కన పెరుకుతున్నాం. ఎదురుగా నిల్చుని అడిగే ధైర్యం లేక, పని చేస్తూనే అడిగాను.

"నానమ్మ గోడలో తోళ్ళేవి నాన్నా?"

"గాలికి పోయుంటాయి."

"మూడేసి చొప్పున పోయాయా?"

ఆయన కొక్కెం ఆగింది. వెంటనే అర్థం కాలేదు ఆయనకి. తర్వాత తన రెండు చేతులూ ఎత్తి, ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

"ఆమె సంతోషపడింది కదా," అన్నాడు మెల్లగా.

"లాబుకు పంపిస్తుంది. ఎన్నేళ్ళవో చెప్పేస్తారు."

"అమ్మ పెట్టినవి. డెబ్బై ఏళ్ళవి. పాతవే కదే."

"ఆమెకి కావాల్సిన పాత వేరు."

"అబద్ధం కాదు నోల్ఫా. అవి అక్కడ ఉండాల్సినవే. మన వాళ్ళు తినకుండా ఉంటారా? బండ నిండా ఉన్నదాన్ని వదిలేసి పస్తులుంటారా? ఉండాల్సిన చోట లేవు, పెట్టాను. నువ్వు చెబుతావా?"

నేను చెబుతాననీ అనలేదు, చెప్పననీ అనలేదు. డబ్బా నిండింది, ఎత్తుకుని ఒడ్డుకొచ్చేశాను. ఇప్పుడు ఎవరైనా నీ తప్పు ఎక్కడుందని అడిగితే, నోరు విప్పకుండా ఆ డబ్బా ఎత్తుకున్న చోటే ఉందని చూపిస్తాను.

శనివారం పల్లెంతా కలిసి చేపలు కాల్చారు. మా సంఘం పెద్ద బల్దొమేరో సీసా పట్టుకుని బల్ల ఎక్కాడు. "పియూరెకి కాగితం దొరికింది," అన్నాడు. "ఇక ఎవరిస్తోకి కూడా దొరుకుతుంది. వరసలో దాని వెనకాల నిలబడితే చాలు." అందరూ నవ్వారు. నాన్నను భుజాల మీదికి ఎత్తుకున్నారు. కిందికి దింపమని ఆయన బతిమాలుతుంటే మొహమాటమనుకున్నారు. ఒలాయా అత్తతో చిందేసింది. నేను గొంతులో ముల్లు గుచ్చుకుందని చెప్పి ఇంటికెళ్ళి పడుకున్నాను. మింగలేను, కక్కలేను. ముల్లని ఊరికే అన్నా పెద్ద తేడా లేదు.

ఫిబ్రవరంతా ఎదురుచూపుల్లో గడిచింది. ఒలాయా పట్నం వెళ్ళిపోయింది, తోళ్ళు లాబుకెళ్ళాయి. కమిటీకి తొలి నివేదిక అందింది. పట్నం నుంచి పేపరువాళ్ళొచ్చి నాన్న చేతులను ఫొటో తీసుకున్నారు, మొహం కూడా కాదు, చేతులను. నాన్న అన్నం తగ్గించేశాడు. రోజుకు రెండుసార్లు నానమ్మ గుడిసెలోకి వెళ్ళి, సందుల్లో కొత్త తోళ్ళు కుక్కి వచ్చేవాడు. అవి గోడలో ఆరుతూ గబ్బు కొట్టేవి.

మార్చి చివరలో ఒలాయా మళ్ళీ వచ్చింది. ముందుగా కబురు పెట్టలేదు. సరాసరి వంటింట్లోకొచ్చి కూర్చుంది. అత్త టీ పెట్టబోతే వద్దంది. మా ఇంట్లో టీ వద్దన్న మనిషి ఆమె ఒక్కతే. నాన్న ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"డెబ్బై ఏళ్ళు," అంది ఒలాయా. "అన్నీ అంతే."

నాన్న తల ఊపాడు. చేతులు బల్ల మీద పెట్టి ఉంచాడు, దాచుకోలేదు.

"కమిటీకి తెలిసిపోయింది. నిన్న రాత్రి ఫోన్ చేశారు. నన్ను పనిలోంచి తీసేశారు. తీసెయ్యాల్సిందే. మట్టి వదులుగా ఉందని నా చేతికి తెలిసింది. నేనే తెలుసుకోదలచుకోలేదు."

"తప్పంతా నాదని రాసిస్తాను," అన్నాడు నాన్న.

"రాసినా ఏం మారదు."

"ఇంకోచోట తవ్వు తల్లీ," అంది అత్త. "దిబ్బ అంత ఉంది కదా."

"తవ్వనివ్వరు సునీల్డా గారూ. ఇకమీదట ఆ దిబ్బలో ఏం దొరికినా మీరు పెట్టిందే అంటారు."

ఒలాయాకు కోపం లేదు. ఉండుంటే బాగుండేది, నాలుగు తిట్టి వెళ్ళిపోయేది. అలా కూర్చుని బల్ల మీద గీతలు చూస్తూ, ఏదో తోచినట్టు తలెత్తింది.

"ఎవరిస్తో గారూ, అవి పెట్టడానికి గుంటలో ఇంకా లోతుకు తవ్వారు కదా. అడుగునేమున్నాయి?"

"ఏముంటాయి? గుల్లలు, ముళ్ళు, బూడిద. అన్నీ తిరిగి పోసేశాను, ఏదీ పారేయలేదు." కాస్త ఆగాడు. "నాలుగైదు తోలు పీలికలు వచ్చాయి. అవొక్కటే పెట్టలేదు."

"ఏం తోలు?"

"పియూరెదే. చిరిగిపోయి, చిల్లులు పడి, ముట్టుకుంటే పొడి రాలుతోంది. అలాంటివి చూపిస్తే ఎవరు నమ్ముతారు? చిరుగుల్లేకుండా చక్కగా ఉండాలన్నావు కదమ్మా. అందుకే అవి తీసేసి మంచివి పెట్టాను."

అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒలాయా కదల్లేదు.

"అవెక్కడున్నాయి?" అంది. ఆమె గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

తోలు కనబడితే మా ఇంట్లో ఎక్కడికెళుతుంది? ఆయన కళ్ళు మెల్లగా పొయ్యి వైపు తిరిగాయి. అప్పుడు ఆయనకూ అర్థమైంది. కుర్చీలో మనిషి ఒక్కసారిగా చిన్నవాడైపోయాడు.

"నేనే పెట్టాను," అన్నాను. "ఆ ఆదివారం. పొయ్యిలో నేనే పెట్టాను."

ఒలాయా లేచి పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పొయ్యి ఇనుప తలుపు తీసి, సంచిలోంచి చిన్న చెంచా తీసి, మూలల్లో గడ్డకట్టిన బూడిద గీకి ఒక పొట్లంలో వేసుకుంది. ఆ ఆదివారం తర్వాత రెండు నెలలు ఆ పొయ్యి రోజూ వెలిగింది. బూడిద రోజూ సముద్రంలో పోశాం. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. గీకడం అయ్యాక తలుపు మూసి, చేతులు దులుపుకుని, నాన్న భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయింది. పొట్లం పట్టుకెళ్ళింది. తర్వాత ఆమె నుంచి ఏ కబురూ లేదు.

ఏప్రిల్‌లో కమిటీ కాగితం వచ్చింది. ఈ జీవి స్థానికమని గాని, బయటి నుంచి వచ్చిందని గాని తేల్చడానికి నమ్మదగ్గ ఆధారం లేదని ఒక వాక్యం. కాబట్టి పనులు మొదలుపెట్టుకోవచ్చని ఇంకో వాక్యం. ముందు పెంకుల దిబ్బనే చదును చేశారు, లారీల దారి అటు నుంచే గనక. పల్లెలో ఎవరూ నాన్నను ఒక్క మాట అనలేదు. బల్దొమేరో ఎదురుపడితే దారి మార్చుకునేవాడు. ముప్పై ఒక్క ఇళ్ళకీ పట్నంలో తలా ఒక ఫ్లాటు ఇచ్చారు. మాది నాలుగో అంతస్తు. కిటికీలోంచి చూస్తే వరసగా కార్లు.

అక్కడికొచ్చాక నాన్న మాటలు తగ్గించేశాడు. కాగితం కోసం మళ్ళీ వెళ్ళలేదు. పగలంతా కిటికీ దగ్గర కూర్చునేవాడు. అత్త టీ పోసిచ్చిన కాగితపు కప్పులు ఖాళీ చేసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి బోర్లించేవాడు. మూడు కాగానే కొత్త వరస. అత్త చూసి లోపలికెళ్ళి ఏడ్చేది. నేను ఏడవలేదు. నాకు ఏడ్చే హక్కుందో లేదో తేల్చుకోలేకపోయాను.

మే నెలలో ఒకరోజు పొద్దున గ్యాసు వెలిగించబోతుంటే వెనకనుంచి నాన్న గొంతు వినబడింది. వారం రోజుల్లో అదే మొదటి మాట.

"ఆ రోజు అవి బాగా మండాయా?"

ఏవి అని నేనడగలేదు. "మండాయి," అన్నాను.

"చిటపటలాడాయా?"

గుర్తు చేసుకున్నాను. ఎండుటాకుల్లా అంటుకున్నాయి. చప్పుడే లేదు. "లేదు నాన్నా."

"కంపు?"

ఆ పూట మేం ముగ్గురం పొయ్యి పక్కనే కూర్చుని తిన్నాం. సూప్‌లో కొత్తిమీర వాసన తెలిసింది. పియూరె తోళ్ళు మండుతుంటే కొత్తిమీర వాసన తెలియడం మా ఇంట్లో అంతకుముందెప్పుడూ లేదు.

"రాలేదు," అన్నాను.

నాన్న కిటికీ వైపు తిరిగాడు. నేను గ్యాసు వెలిగించాను, ఆర్పేశాను.

"అమ్మ గోడలోవి పీకుతుంటే డెబ్బై ఏళ్ళకి కూడా కంపు కొట్టాయే," అన్నాడు. "ఇవి కొట్టలేదంటే చాలా పాతవి నోల్ఫా. చాలా చాలా పాతవి."

అత్త సంతకెళ్ళింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం, ఆ మాట రాసుకునే మనిషి లేదు.